తువ్వాలు కిందికి రాని చెయ్యి

నా భార్య తమ్ముడు మునీంద్ర ఆ రోజు కర్నూలు షాపులో నా చిటికెన వేలు ఒక్కసారి నొక్కి ఉంటే సరిపోయేది. నోరు తెరవాల్సిన పని లేదు, ఎవరితోనూ గొడవపడాల్సిన పని లేదు. తువ్వాలు కింద నా చెయ్యి చాపే ఉంది. అతను తన చెయ్యి తీసుకుపోయి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకట్లా చేశావని ఆ రోజే అడిగాను. సిగ్గేసింది అన్నాడు. సిగ్గు అతనిది, నష్టం నాది.

మాది మైదుకూరు. ఏడో తరగతి సగంలో బడి మానేసి మా నాయన వెంట ఎద్దుల సంతలు తిరిగాను. ఆయన దళారి. సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్లు పట్టుకుని బేరమాడతారు. చుట్టూ నిలబడినవాళ్లకు ఏమీ తెలియదు. మా నాయన ఆ పద్ధతికి ఇంకొకటి కలిపాడు. ఎద్దును చూడటానికి పోయేటప్పుడు తెలిసినవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుపోయేవాడు. ఆ మనిషి మాట్లాడకూడదు. మాట్లాడితే మనకు ఎంత మోజు ఉందో, ఎంత భయం ఉందో అమ్మేవాడు పసిగడతాడు. ఎద్దు బాగుంటే తువ్వాలు కింద మా నాయన బొటనవేలు పట్టుకోవాలి. కాలిలోనో కంటిలోనో ఐబు కనబడితే చిటికెన వేలు నొక్కాలి. ఏమీ చేయకపోతే చెప్పడానికి ఏమీ లేదని లెక్క. ఆ పద్ధతిలో ఆయన ముప్పై ఏళ్లలో ఒక్క చెడ్డ ఎద్దును కొనలేదు.

ట్రాక్టర్లు వచ్చి సంతలు పలచబడ్డాక నేను పెళ్లిళ్లకు వీడియో తీసేవాళ్ల దగ్గర లైటు పట్టుకునే పనిలో చేరాను. తర్వాత కెమెరా పట్టుకున్నాను. తర్వాత సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను, రేకుల గదిలో. ఇప్పుడు పెళ్లిళ్లు కడప నుంచి వచ్చే పిల్లలు తీస్తున్నారు, పైన ఎగిరే కెమెరాలతో. నాకు మిగిలింది బండలాగుడు పోటీలు. అందులో నన్ను కొట్టేవాడు లేడు. ఏ ఎద్దు ఎప్పుడు మొరాయిస్తుందో నాకు ముందే తెలుస్తుంది కాబట్టి, కెమెరా ముందే అక్కడ ఉంటుంది.

బండలాగుడు తెలియనివాళ్లకు నాలుగు మాటలు. బరి పొడవు మూడు వందల అడుగులు. కాడికి పెద్ద బండ కట్టి, ఇరవై నిమిషాల్లో ఎద్దులు ఎంత దూరం లాగితే అంత. బండ బరి చివర గీతను తాకాకనే ఎద్దులను వెనక్కి తిప్పాలి. తాకకముందే తిప్పితే ఆ సుట్టు లెక్కలోకి రాదు. పేచీలన్నీ ఆ గీత దగ్గరే పుడతాయి. రెండేళ్ల కిందట మా తిరునాళ్లలో తాకింది, తాకలేదు అని మొదలై నలుగురి తలలు పగిలాయి.

అందుకని పోయిన ఏడాది కమిటీ పెద్ద, పసుపు వ్యాపారి పెద్ద ఈరన్న నన్ను పిలిపించాడు. మైదానంలో పెద్ద తెర పెడతామన్నాడు. నాలుగు కెమెరాల బొమ్మ తెర మీద కనబడాలి, పైన గడియారం తిరగాలి, కింద ఎద్దుల యజమాని పేరు, ఊరు, లాగిన అడుగులు రావాలి. గీత దగ్గర పేచీ వస్తే అక్కడికక్కడే నిదానంగా తిప్పి చూపించాలి. తెర మీద కనబడిందే తీర్పు. కడపవాళ్లు ఈ పనికి ఆరు లక్షలు అడిగారంట. నేను లక్షా యాభై వేలకు ఒప్పుకున్నాను. ఆ డబ్బు ముందే ఇచ్చాడు. అయితే ఒక షరతు పెట్టాడు. తెర పని చేయక పోటీ చెడితే, కమిటీకి వచ్చే నష్టమంతా నాది. దానికి హామీగా నా మెట్ట పొలం కాగితాలు ఆయన దగ్గర పెట్టాలి.

పెట్టాను. ఈ పని నిలబెట్టుకుంటే కర్నూలు నుంచి కడప దాకా ప్రతి పోటీకీ నన్నే పిలుస్తారు. పోతే పొలం పోతుంది. రెండే దారులు.

నా పాత కంప్యూటర్ పెళ్లి వీడియోకే రొప్పేది. నాలుగు కెమెరాలు, గడియారం, పేర్లు ఒకేసారి లాగాలంటే కొత్తది కావాల్సిందే. కడప ఏడు రోడ్ల దగ్గర ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో బొమ్మలు చేసే మునీంద్రను రమ్మన్నాను. గ్రాఫిక్స్ పని అతనిదే. వయసు నలభై దగ్గర పడింది. కంప్యూటర్ లోపల ఏ ముక్క ఏం చేస్తుందో నాకంటే అతనికి బాగా తెలుసు. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు.

ఇద్దరం కర్నూలు బస్సెక్కాం. ఆళ్లగడ్డ దాటేసరికి అతను ఫోనులో రాసుకున్న జాబితా మొదలుపెట్టాడు. పవర్ సప్లై ఇంత ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు కొత్తదా పాతదా చూడాలి, వేడి బయటికి పోయే దారి చూడాలి అంటూ. నేను ఆపి, షాపులో ఇవేవీ మాట్లాడొద్దన్నాను. ఇద్దరు మాట్లాడితే బేరం చెడుతుందని, మా నాయన పద్ధతి మొత్తం వివరించాను. బొటనవేలు, చిటికెన వేలు, అన్నీ. భుజం మీది తువ్వాలు తీసి చూపించాను కూడా.

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "బావా, అది ఎద్దుల సంత కాదు," అన్నాడు.

"దుడ్లిచ్చి కొనే జాగా యాడైనా సంతే. నువ్వు నోరు మూసుకోని వేలు పట్టుకో, సాలు."

సరే అన్నాడు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. ఇష్టం లేకపోతే అప్పుడే కాదని ఉండాల్సింది.

షాపులోకి అడుగు పెట్టగానే ఏసీ చలికి ఒంటి మీది చెమట చల్లబడింది. బయట నలభై రెండు డిగ్రీలు. షాపు యజమాని భూపేష్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. నన్ను సార్ అని పిలిచాడు, టీ తెప్పించాడు. ఇటువంటి మర్యాద చేసేవాడు సంతలో ఎదురైతే మా నాయన జేబు పట్టుకునేవాడు. నేనూ జాగ్రత్తగానే ఉన్నాను.

రెండు పెట్టెలు చూపించాడు. ఒకటి అద్దాల పెట్టె. లోపల ఎర్రగా, నీలంగా లైట్లు తిరుగుతుంటాయి. వాళ్లే ముక్కలు తెచ్చి బిగించింది. లక్షా అరవై ఎనిమిది వేలు. రెండోది కంపెనీది, నల్లటి ఇనుప పెట్టె, చూడటానికి పెట్రోలు బంకులో గల్లా పెట్టెలా ఉంది. లక్షా తొంభై నాలుగు వేలు. నల్లదానికి మూడేళ్ల గ్యారంటీ, అద్దాలదానికి ఏడాది. రెండింటిలో ఏది కొనాలన్నా సరిపడే డబ్బు నా దగ్గర ఉంది. కాబట్టి ధర చూసి మోసపోయానని ఎవరూ అనొద్దు.

నేను లైట్లకు మోసపోయే మనిషిని కూడా కాదు. కొమ్ములకు రంగేసిన ఎద్దులను ఎన్ని చూడలేదు. లాగించి చూస్తానన్నాను. పాత పోటీ వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయాను. ఇరవై నిమిషాలది, నాలుగు కెమెరాలూ, గడియారం, పేర్లు ఉన్నది. వాటన్నిటినీ కలిపి ఒక్క వీడియోగా తీయమంటే కంప్యూటర్ ఊపిరి బిగబట్టి పని చేయాలి. రెండు పెట్టెల్లోనూ అదే వీడియో పెట్టించాను. పోటీలకు వాడే నా స్టాప్‌వాచీ జేబులోంచి తీశాను. షాపులో ఉన్న నలుగురైదుగురు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. భూపేష్ నవ్వుతూ, తన షాపులో ఇట్లా ఎవరూ కొనలేదన్నాడు.

రెండింటినీ ఒక్కసారే మొదలుపెట్టించాను. తెరల మీద పని ఎంత అయిందో చూపించే గీతలు పాకడం చూస్తూ నిలబడ్డాం. మొదటి రెండు నిమిషాలు సమానం. తర్వాత అద్దాల పెట్టె ముందుకు పోయింది. నేను దాని పక్కన అరచెయ్యి ఆనించి చూశాను, డొక్క మీద చెయ్యి వేసి ఎద్దు ఊపిరి చూసినట్టు. చల్లగా ఉంది. ఆరు నిమిషాల పది సెకన్లకు అద్దాలది ముగించింది. నల్లది ఏడు నిమిషాల యాభై సెకన్లు తీసుకుంది.

అప్పుడు నేను భుజం మీది తువ్వాలు తీసి ఎడమ ముంజేతి మీద కప్పుకుని, పక్కనే నిలబడిన మునీంద్ర వైపు చెయ్యి జరిపాను.

బిల్లు కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి అది చూసింది. పక్క అమ్మాయికి మోచేత్తో పొడిచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చూశాను, మునీంద్ర కూడా చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు రాబోయిన చెయ్యి పైకి లేచి చొక్కా జేబులోకి పోయి ఫోను తీసింది. ఎవరూ చేయని ఫోనును చూసుకుంటూ నిలబడ్డాడు.

నేను చెయ్యి అట్లే ఉంచాను. మనసులో ఇరవై లెక్కబెట్టాను. నేను ఎందుకు ఆగానో భూపేష్‌కు అర్థం కాలేదు.

"ఏం సార్, చెయ్యి నొప్పా? కుర్చీ వేయించమంటారా?" అన్నాడు.

ఈసారి అందరూ నవ్వారు. మునీంద్ర కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి, చెప్పడానికి ఏమీ లేదు కాబట్టే అంత తేలిగ్గా ఉన్నాడనుకున్నాను. అద్దాల పెట్టె కట్టమన్నాను. రెండు వేలు తగ్గించాడు.

నంద్యాల బస్టాండులో టీ తాగుతుంటే మునీంద్ర గ్లాసు పక్కన పెట్టి, పెట్టె వైపు చూస్తూ చెప్పాడు. గ్రాఫిక్స్ కార్డు వాడేసిందని. స్క్రూల తలలు అరిగి ఉన్నాయని, ఫ్యాను రెక్కల మూలల్లో దుమ్ము ఉందని. ఇటువంటి కార్డులను ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు నడిపి, తుడిచి అమ్ముతారని. పవర్ సప్లై కూడా ఆ కార్డుకు చాలదని. చల్లటి గదిలో ఆరు నిమిషాలు లాగుతుంది, ఎండలో పూటంతా లాగమంటే లాగదని.

నేను అతని వైపు తిరిగాను.

"ఈ మాట ఆడ సెప్పొద్దా?"

"మాట్లాడొద్దంటివి కదా బావా."

"వేలు నొక్కమంటి కదరా."

"అంతమంది ముందర తువ్వాలు కింద నీ చెయ్యి పట్టుకోమంటావా? ఆ పిల్లోల్లు నవ్వుతాండ్రి. నాకు తల తీసేసినట్లయింది."

భూపేష్‌కు ఫోను చేశాను. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబోమని, కావాలంటే ఇరవై వేలు తరుగు తీసి నల్లదానికి మారుస్తామని చెప్పాడు. కార్డు కొత్తదేనని, అనుమానముంటే తెచ్చి చూపించమన్నాడు. తిరిగి పోవాలంటే రెండు గంటల ప్రయాణం. పోటీలకు నాలుగు రోజులే ఉన్నాయి. పోదామని మునీంద్ర అన్నాడు, ఆ మాట దాచను. కానీ ఆ షాపులోకి, ఆ అమ్మాయిల ముందుకు ఆ పెట్టె మోసుకుని మళ్లీ పోవడానికి నా కాళ్లు రాలేదు. మైదుకూరు బస్సు కదులుతుంటే ఎక్కేశాను.

స్టూడియోలో మధ్యాహ్నం పూట గంటసేపు నడిపి చూశాం. నడిచింది. నాకు ధైర్యం వచ్చింది, అతనికి రాలేదు. గీత దగ్గరి కెమెరా పాతది, అందులో మెమరీ కార్డు పని చేయదు. అది తీసిందంతా వైరు మీద నేరుగా కంప్యూటర్‌లోకే పోతుంది. అదొక్కటైనా మార్చుదామని మునీంద్ర పట్టుబట్టాడు. బద్వేలులో తెలిసిన స్టూడియో ఆయనను అడిగాను. ఆయన కెమెరాలన్నీ పెళ్లిళ్లకు పోయాయన్నాడు. కడపలో అద్దెకు దొరికేది. అయితే మమ్మల్ని తక్కువ ధరకు పని లాక్కున్నారని తిట్టుకుంటున్నవాళ్ల దగ్గరే తేవాలి. నేను పోనన్నాను.

తిరునాళ్ల పోటీలు నాలుగు రోజులు బాగా జరిగాయి. రోజుకొక ఈడు ఎద్దులు, పళ్ల లెక్కన: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి. తెర మీద పేరు పడినప్పుడల్లా ఆ ఊరివాళ్లు తువ్వాళ్లు ఎగరేశారు. ఎద్దులకంటే ఎక్కువగా తమ పేర్లను సెల్లుల్లో ఫోటోలు తీసుకున్నారు. రెండు చోట్ల గీత దగ్గర పేచీ వస్తే తిప్పి చూపించాం. ఎవరూ కిక్కురుమనలేదు. పెద్ద ఈరన్న డేరాలోకి వచ్చి నా వీపు తట్టాడు. నాలుగో రోజు సాయంత్రం మునీంద్రతో, నీ భయమంతా ఒట్టిదేనన్నాను. పెట్టె మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. కాలే రొట్టె పెనంలా ఉంది. రెండు టేబుల్ ఫ్యాన్లు తెప్పించి ఒక పక్క అద్దం విప్పించాను.

అయిదో రోజు సీనియర్ ఎద్దులు. మొదటి బహుమతి అయిదు లక్షలు, రెండోది రెండు లక్షలు. పొద్దున పదికి మొదలైతే మధ్యాహ్నం రెండున్నరకు చివరి జత వచ్చింది. నలభై నాలుగు డిగ్రీల ఎండ. డేరా గుడ్డ కింద గాలి లేదు, టేబుల్ ఫ్యాన్లు బరిలో లేచిన ఎర్ర దుమ్మును తెచ్చి పెట్టెలోకి కొడుతున్నాయి. బయట జనరేటర్ మోత.

అప్పటికి ముందున్నది బసవన్న జత. మూడు వేల నాలుగు వందల పన్నెండు అడుగులు. చివరగా పత్తికొండ వైపు నుంచి వచ్చిన బొజ్జన్న జత బరిలోకి దిగింది. పన్నెండో నిమిషానికే తెలిసిపోయింది, ఈ రెండు జతలకూ తేడా అడుగుల్లోనే ఉంటుందని. జనం బరి తాళ్ల మీదికి ఒరిగారు.

పదిహేనో నిమిషంలో పెట్టెలో ఫ్యాను చప్పుడు మారింది. అంతవరకు ఒకే తీరుగా ఉన్న మోత పైకి లేచింది, తగ్గింది, మళ్లీ లేచింది. తెర మీద గడియారం ఒక సెకను ఆగి రెండు సెకన్లు దూకింది. మునీంద్ర నా వైపు చూశాడు. పేర్లు తీసేద్దాం, గడియారం తీసేద్దాం, భారం తగ్గుతుందన్నాడు. పదివేల మంది చూస్తుండగా గడియారం తీసేస్తే తెర పాడైందని గోల చేస్తారు. ఇంకో అయిదు నిమిషాలే, ఉంచమన్నాను.

పద్దెనిమిదో నిమిషంలో బొజ్జన్న ఎద్దులు అవతలి గీత దగ్గరికి చేరాయి. ఎడమ ఎద్దు మెడ తిప్పింది. తోలేవాళ్లు తిప్పేశారు. బండ గీతను తాకిందా లేదా డేరాలోంచి నాకు కనబడలేదు. గీత దగ్గరి మనిషి తాకిందని జెండా ఎత్తాడు. జానెడు ముందే తిప్పినారని బసవన్న మనుషులు తాళ్లు దాటి బరిలోకి దూకారు. ఎద్దులు మాత్రం లాగుతూనే ఉన్నాయి. ఇరవై నిమిషాలు ముగిసేసరికి మూడు వేల నాలుగు వందల నలభై అడుగులు. ఆ సుట్టు లెక్కిస్తే బొజ్జన్న మొదలు, లెక్కించకపోతే బసవన్న మొదలు.

మైకులో, తెర చూడండి, తెర చూడండి అంటున్నారు.

పదివేల తలలు ఒక్కసారిగా తెర వైపు తిరిగాయి. మునీంద్ర వీడియో వెనక్కి తిప్పడానికి మౌసు పట్టుకున్నాడు. టక్ మని ఒక చిన్న శబ్దం వచ్చింది. పెట్టెలో లైట్లు ఆరిపోయాయి. ఫ్యాన్లు ఇంకాసేపు ఉత్తగా తిరిగి నిలిచిపోయాయి. తెర నల్లబడింది.

ఆ క్షణంలో నాకు వినపడింది జనరేటర్ ఒక్కటే. తర్వాత ఈలలు, తర్వాత కేకలు.

మునీంద్ర మళ్లీ ఆన్ చేశాడు. రాలేదు. అద్దం మొత్తం విప్పి, పిండిన తడి గుడ్డను కార్డుకు తగలకుండా దగ్గరగా పట్టుకుని, పది నిమిషాలు ఆగి చేశాడు. వచ్చింది. గీత దగ్గరి కెమెరా వీడియో వెతికాడు. పేరుంది. నొక్కితే తెరుచుకోదు. రికార్డవుతూ ఉండగా మధ్యలో కరెంటు పోతే వీడియో చెడిపోతుందని చెప్పాడు. మిగిలిన మూడు కెమెరాల్లో ఒక్కదానికీ ఆ గీత సరిగా కనబడటం లేదు. ఒకదానిలో ఎద్దుల వీపులు, ఒకదానిలో దుమ్ము, ఇంకొకదానిలో జనం.

బయట కర్రలు లేచాయి. పోలీసులు బరి మధ్యలో నిలబడ్డారు. పెద్ద ఈరన్న డేరా గుడ్డ ఎత్తి లోపలికి వచ్చాడు. నా మీద అరవలేదు. విప్పిన పెట్టె వైపు, నా వైపు చూశాడు.

"దేవేంద్రప్పా, తెర చూపిస్తావా, పొలం చూపిస్తావా?"

నేను మునీంద్ర వైపు చూశాను. అతను కార్డు మీద చెయ్యి పెట్టుకుని తల వంచుకున్నాడు.

కొట్లాట ఆగాలంటే ఒక్కటే దారి మిగిలింది. ఇద్దరికీ మొదటి బహుమతి ఇస్తున్నామని మైకులో చెప్పారు. రెండు లక్షలు ఇవ్వాల్సిన చోట అయిదు లక్షలు. మూడు లక్షలు నష్టం. నేను తీసుకున్న లక్షా యాభై వేలు కంప్యూటర్‌కే పోయింది, అది కూడా వెనక్కి కట్టాలి. కాగితంలో అట్లే రాసి ఉంది, కింద నా సంతకం ఉంది.

భూపేష్ కార్డుకు వేడి తగిలిందని, పెట్టె విప్పారని చెప్పి గ్యారంటీ ఇవ్వలేదు. కేసు వేయమని కొందరన్నారు. వకీలు ఫీజు విని ఊరుకున్నాను.

ఇంట్లో నా భార్య కృష్ణవేణమ్మకు తమ్ముణ్ణి ఏమైనా అంటే కష్టం. వారం రోజులు విని విని ఒక పొద్దున సద్ది గిన్నె నా ముందు పెట్టి అడిగింది.

"వాణ్ణి మాట్లాడొద్దన్నదెవరు? నంద్యాల నుంచి ఎనక్కి రానన్నదెవరు?"

జవాబు నా దగ్గర ఉంది. వేలు నొక్కడానికి నోరు అక్కర్లేదు. ఇద్దరు ఆడపిల్లలు నవ్వుతారని ఇంటి మనిషి పొలాన్ని వదులుకున్నవాణ్ణి నేను క్షమించను. నా తప్పు నాకు తెలుసు, అది నేను మోస్తున్నాను. అతని తప్పు కూడా నేనే మోయాలంటే మోయలేను. ఆ తర్వాత మునీంద్ర మా గడప తొక్కలేదు. కడపలో ఆ ఫ్లెక్సీ షాపులోనే ఉన్నాడు. నెలకు ఒకసారి వాళ్లక్కకు ఫోను చేస్తాడు. నేను ఇంట్లో ఉంటే ఆమె ఫోను తీసుకుని వీధిలోకి పోతుంది.

శ్రావణంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పొలం రాసిచ్చి సంతకం పెట్టాను. మెట్ట నేల, బోరు లేదు, వాన పడితే కొర్ర, పడకపోతే రాళ్లు. మా నాయన తన దళారి రూకలతో కొన్న ఒకే ఒక్క తుండు. తూర్పున వంక, పడమర బండి బాట, ఉత్తరాన మా చిన్నాయన వాళ్లది, దక్షిణాన సర్కారు పరంపోకు. మధ్యన ఒక ఎకరా పన్నెండు సెంట్లు.